శాలగ్రామ శిల చెప్పిన భూచరిత్ర



ప్రతిదినం అరుణోదయ వేళ ఆలయద్వారం తెరచి, ఆచమనం చేసి, అర్చకుడు కాలాన్ని స్మరిస్తాడు. శ్వేతవరాహ కల్పమని, వైవస్వత మన్వంతరమని, కలియుగంలో ప్రథమపాదమని, ఆపైన సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వాసరం చెప్పి, చివరకు గోత్రనామాలకు వస్తాడు. మహాకాలం నుండి మెట్టు మెట్టుగా ఈ ఉదయం వరకు దిగివచ్చి, ఆ చివరి కొసన మనలను మనం నిలుపుకొనడమే సంకల్పం. ముప్పది సంవత్సరాలకు పైగా ఈ మాటలు పఠిస్తున్న నేను, వాటి బరువును నిజంగా తలచినది ఒక బాలిక అడిగిన ప్రశ్న తరువాతనే.

కొన్నేళ్ళ క్రిందట ఒక ఏకాదశి నాడు తీర్థం ఇస్తున్నాను. నాయనమ్మ వెంట వచ్చిన ఒక కళాశాల విద్యార్థిని, పళ్ళెంలోని శాలగ్రామాన్ని పరిశీలనగా చూసి, "స్వామీ, ఇది ఎప్పుడో సముద్రంలో బ్రతికిన ఒక ప్రాణి శిలాజమని మా పాఠంలో చెప్పినారు. నిజమేనా? నిజమైతే మీరు అభిషేకం చేస్తున్నది ఎవరికి?" అని అడిగినది. "తప్పమ్మా, అట్లా అడగకూడదు" అని నాయనమ్మ వారించినది. వరుసలో జనం ఉన్నారు. "మన ఋషులకు అన్నీ ముందే తెలుసమ్మా" అని శఠారి తలపై ఉంచి నేను పంపివేసినాను.

ఆ బిడ్డ వినయంగానే తీర్థం పుచ్చుకొన్నది. కాని ఆమె ప్రశ్న తీరలేదని ముఖమే చెప్పినది. అవిశ్వాసంతో కాదు, తెలుసుకొనవలెనన్న కోరికతో ఆమె అడిగినది. నేను చేసినది సమాధానం చెప్పడం కాదు, తప్పించుకొనడం. నచికేతుని ప్రశ్నకు యమధర్మరాజు కూడ మొదట వేరే వరాలు చూపి తప్పించుకొన చూచి, చివరకు సమాధానం చెప్పవలసివచ్చినది. మరి నేనెంతవాణ్ణి? ఆ బిడ్డకు నేను ఋణపడినాను. తరువాతి కాలంలో తీరిక దొరికినప్పుడల్లా చదివినది, తెలిసినవారిని అడిగి గ్రహించినది క్రోడీకరించి, ఆ ఋణం తీర్చుకొనే ప్రయత్నంగా ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

శిల పుట్టుక

శాలగ్రామాలు లభించేది నేపాలదేశంలోని కాళీగండకీ నదిలో. ముక్తినాథ క్షేత్రం, దానికి ఎగువన దామోదర కుండం గల ఆ ప్రాంతంలో నల్లని మెత్తని పలకరాతి పొరలు ఉన్నవి. వాటిలో గుండ్రని గట్టి రాతిముద్దలు పొదిగి ఉంటాయి. నీరు ఆ పొరలను కోసివేయగా ముద్దలు విడివడి, ప్రవాహంలో ఒరసుకొని నునుపుదేరి, భక్తుల చేతికి అందుతాయి. తులసీదేవి శాపం వలన శ్రీమహావిష్ణువు శిలారూపం ధరించినాడని, గండకిలోని వజ్రకీటాలు ఆ శిలలను తొలిచి చక్రాలను ఏర్పరుస్తాయని పురాణకథనం.

భూవిజ్ఞానం చెప్పేది ఇది. చక్రచిహ్నం గల శాలగ్రామంలో మనం చూసే చక్రం, అమ్మోనైట్ అనే సముద్రప్రాణి కవచం యొక్క ముద్ర. చూపునకు నత్తవలె ఉన్నా, దీని దగ్గరి బంధువులు నేటి ఆక్టోపస్, స్క్విడ్ జాతులు. చుట్టలు చుట్టుకొన్న ఆ కవచం లోపల వరుసగా గదులు ఉండేవి. ప్రాణి వెలుపలి గదిలో నివసించేది. శరీరం పెరిగిన కొద్దీ ముందుకు జరిగి, వెనుకటి గదిని గోడ కట్టి మూసివేసేది. మూసిన గదులలోని వాయువు దానిని నీటిలో తేలియాడనిచ్చేది.

అట్టి ప్రాణి ఒకటి సుమారు 15 కోట్ల సంవత్సరాల క్రిందట మరణించి, సముద్రపు అడుగున బురదలోనికి జారినది. అక్కడ ప్రాణవాయువు స్వల్పం కనుక అది త్వరగా శిథిలం కాలేదు. పైన మరింత బురద పేరుకొన్నది. నీటిలోని ఖనిజాలు కవచం చుట్టూ గడ్డకట్టి, దానిని రాతిముద్దగా మార్చినవి. కొన్ని శిలలలో కనిపించే బంగారు వన్నె గీతలు ఇనుము, గంధకం కలిసిన ఒక ఖనిజం వలన ఏర్పడినవి. మన పెద్దలు దానిని సువర్ణరేఖగా గుర్తించి మహిమ చెప్పినారు.

ఈ శిలాజంలో దివ్యత్వాన్ని చూచినవారం మనం ఒక్కరమే కాము. పొట్టేలు కొమ్ముల శిరస్సుతో పూజింపబడిన అమ్మోన్ అనే ప్రాచీన ఈజిప్టు దేవుని కొమ్ములుగా వీటిని రోమను గ్రంథకర్త ప్లినీ పేర్కొన్నాడు. అమ్మోనైట్ అనే పేరు అక్కడి నుండి వచ్చినదే. ఇంగ్లండులోని విట్బీ తీరప్రజలు, ఒక సాధ్వి సర్పాలను శిలలుగా మార్చిన ఫలితమే ఇవి అని నమ్మినారు. రాతిలో నిలిచిన ఆ చుట్టను చూచిన ప్రతి జాతి మనుష్యుడూ ఒక క్షణం ఆగిపోయినాడు.

వయస్సు ఎట్లు తెలిసినది

15 కోట్ల సంవత్సరాలని ఎవరు లెక్కించినారు? ఈ ప్రశ్న న్యాయమైనదే. ప్రమాణం చూపక చెప్పే సంఖ్యను అంగీకరించనక్కరలేదు.

మొదటి సాధనం పొరల వరుస. దొంతరలో క్రిందిది ముందు పేర్చబడినది, పైది తరువాతిది. ఇంగ్లండులో కాలువల తవ్వకాలకు సర్వే చేసిన విలియం స్మిత్ అనే ఉద్యోగి, ఒక్కొక్క పొరలో ఒక్కొక్క రకం శిలాజాలే ఉంటాయని, ఆ వరుస దేశమంతటా తప్పదని గమనించి, 1815లో తన దేశపు శిలాపటాన్ని ప్రకటించినాడు. అమ్మోనైట్ జాతులు త్వరగా మారుతూ, అనేక సముద్రాలలో వ్యాపించినవి కనుక, పొరల వయస్సును పోల్చిచూడడానికి అవి తిథివార సూచికలవలె ఉపయోగపడుతున్నవి.

అంతకు ముందే, 1788లో స్కాట్లండు తీరాన సిక్కర్ పాయింట్ వద్ద జేమ్స్ హటన్ ఒక దృశ్యం చూచినాడు. నిలువుగా నిలిచిన పాత పొరల మీద, వేరే వాలులో కొత్త పొరలు పరచుకొని ఉన్నవి. క్రింది పొరలు సముద్రంలో ఏర్పడి, గట్టిపడి, పైకి లేచి, అరిగిపోయిన తరువాతనే పై పొరలు పేరుకొని ఉండవలె. ఆ రెంటి నడుమ గల గీత మందం వెంట్రుకవాసి. అందులో ఇమిడిన కాలం ఊహకు అందనిది. అట్టి గీతను చూడడానికి స్కాట్లండు పోనక్కరలేదు. తిరుపతి నుండి తిరుమలకు పోయే ఘాట్ రోడ్డు ప్రక్కన, 250 కోట్ల సంవత్సరాలకు పైబడిన గ్రానైటు రాతిపై, దాని కంటె ఎంతో చిన్నవయస్సు గల క్వార్ట్‌జైట్ పొరలు కూర్చున్న చోటును భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ జాతీయ స్మారకంగా గుర్తించినది. ఆ రెంటి మధ్య అనేక పదుల కోట్ల సంవత్సరాలు జారిపోయినవి. గోవిందనామం పలుకుతూ మనం ఆ గీత ప్రక్కగానే కొండ ఎక్కుతున్నాము.

రెండవ సాధనం ధాతువుల స్వభావం. యురేనియం తనంతట తాను, నిలకడ తప్పక, సీసంగా మారుతుంది. ఎంత యురేనియం ఉన్నదో అందులో సగం మారడానికి 447 కోట్ల సంవత్సరాలు పడుతుంది. జిర్కాన్ అనే స్ఫటికం ఏర్పడే వేళ యురేనియాన్ని లోనికి రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. కనుక నేడు అందులో ఉన్న సీసం పుట్టుక తరువాత చేరినదే. ఘటికాయంత్రంలో ఎంత నీరు చేరినదో చూసి ఎన్ని ఘడియలైనదో చెప్పినట్లే ఇది. ఆస్ట్రేలియా పశ్చిమ భాగంలోని జాక్ హిల్స్‌లో దొరికిన జిర్కాన్ రేణువుల వయస్సు 440 కోట్ల సంవత్సరాలు. 1956లో క్లెయిర్ పాటర్సన్ ఉల్కాశిలలలోని సీసాన్ని కొలిచి భూమి వయస్సు సుమారు 455 కోట్ల సంవత్సరాలని నిర్ణయించినాడు. నేడు అంగీకరించబడిన సంఖ్య 454 కోట్లు.

అరువది ఘడియల అహోరాత్రం

454 కోట్లు అనగానే బుద్ధి మొద్దుబారుతుంది. కనుక మన పంచాంగపు కొలతలోనికి దించి చూద్దాము. భూమి వయస్సునంతా ఒక సూర్యోదయం నుండి మరునాటి సూర్యోదయం వరకు గల ఒక అహోరాత్రంగా భావించండి. దానికి 60 ఘడియలు. అప్పుడు ఒక్కొక్క ఘడియకు సుమారు ఏడున్నర కోట్ల సంవత్సరాలు.

సూర్యోదయాన భూమి కరగిన శిలాగోళం. తొలి ఘడియలోనే మరొక గ్రహపిండం దానిని ఢీకొనగా చెదరిన ద్రవ్యం నుండి చంద్రుడు ఏర్పడినాడని శాస్త్రజ్ఞుల బలమైన అభిప్రాయం. క్రమంగా ఉపరితలం చల్లబడి జలం నిలిచినది. 14వ ఘడియ ప్రాంతంలో, అనగా సుమారు 350 కోట్ల సంవత్సరాల క్రిందట, జీవం ఉన్నదనుటకు చిహ్నాలు కనిపిస్తాయి. అవి ఆస్ట్రేలియాలో, సూక్ష్మజీవుల పలుచని చాపలు పొరలు పొరలుగా పేరుకొని మిగిలిన శిలలు.

ఆ తరువాత కథ ఎంతకూ కదలదు. పగలు గడచిపోతుంది. చూచేందుకు చేప లేదు, చెట్టు లేదు, పురుగు లేదు. కాని ఆ నిశ్శబ్దంలోనే మహత్తర కార్యం ఒకటి జరుగుతున్నది. కంటికి కనబడని నీలిహరిత సూక్ష్మజీవులు సూర్యకాంతిని గ్రహించి, నీటిని విడదీసి, ప్రాణవాయువును వెలువరిస్తున్నవి. సముద్రంలో కరగి ఉన్న ఇనుము ఆ వాయువుతో కలిసి తుప్పుగా అడుగున చేరినది. నేటి ఇనుప ఖనిజం చాలావరకు అట్లు ఏర్పడినదే. ఇనుము తీరిన తరువాత, 28వ ఘడియ దాటి, సుమారు 240 కోట్ల సంవత్సరాల క్రిందట, వాయువు ఆకాశంలో నిలువసాగినది. మనం ప్రాణాయామంలో పూరించే శ్వాసకు తొలి దాతలు ఆ సూక్ష్మజీవులే. వారికి పేరు లేదు, గోత్రం లేదు.

తెల్లవారడానికి ఇంక 7 ఘడియలు ఉన్నదనగా, 53వ ఘడియ దగ్గర, సముద్రంలో కన్నులు, కవచాలు, కాళ్ళు గల జంతువులు విరివిగా పుట్టుకవచ్చినవి. 54వ ఘడియ ముగియక ముందే నేలమీద నాచువంటి తొలి మొక్కలు పాకినవి. 55వ ఘడియలో చేపల వంటి కొన్ని ప్రాణుల రెక్కలలో మణికట్టు ఎముకలు ఏర్పడినవి. కెనడా ఉత్తరపు కొసన 2004లో దొరికిన టిక్టాలిక్ అనే 37.5 కోట్ల సంవత్సరాల శిలాజం అట్టిది. మన ముంజేతి ఎముకల అమరికకు పూర్వరూపం అందులో ఉన్నది.

57వ ఘడియకు దగ్గరలో, 25.2 కోట్ల సంవత్సరాల క్రిందట, సైబీరియాలో అగ్నిశిలాద్రవం లక్షల చదరపు కిలోమీటర్ల మేర పొంగి, వాతావరణం విషమించి, సముద్రజాతులలో పదింట ఎనిమిది వంతులకు పైగా నశించినవి. మిగిలిన కొద్దిపాటి జాతుల నుండి లోకం మరల నిండినది. అమ్మోనైట్ల వంశం కూడ ఆ గండాన్ని సన్నని దారంతో దాటినది. 58వ ఘడియ వద్ద మన శాలగ్రామంలోని ప్రాణి జీవించి మరణించినది.

తెల్లవారడానికి ఇంక ఒక ఘడియ కూడ లేదనగా, 6.6 కోట్ల సంవత్సరాల క్రిందట, సుమారు 10 కిలోమీటర్ల వెడల్పు గల గ్రహశకలం నేటి మెక్సికో తీరాన పడినది. రాక్షసబల్లులు నశించినవి, అమ్మోనైట్లు ఒక్కటి మిగలకుండా నశించినవి. దానికి అటు ఇటుగానే మన దక్కను పీఠభూమిపై కరగిన శిల పొరలు పొరలుగా ప్రవహించినది. ఆ నల్లరాయి రాజమహేంద్రవరం సమీపాన గోదావరికి ఇరువైపులా నేటికీ కనిపిస్తుంది.

మరి మనుష్యుడు? మనవంటి మానవుల తొలి అస్థికలు సుమారు 3 లక్షల సంవత్సరాల నాటివి. ఈ అహోరాత్రంలో అది విఘడియలో నాలుగవ వంతు. జ్యోతిషశాస్త్రంలో ఒక శ్వాసకు పట్టే కాలాన్ని ప్రాణమంటారు. అట్టి 6 ప్రాణాలు ఒక విఘడియ. అనగా మానవజాతి చరిత్ర యావత్తూ ఒకటిన్నర శ్వాస. వేదాలు, రాజ్యాలు, యుద్ధాలు, మన తాతముత్తాతలు, ఈ ఉదయపు పూజ, అన్నీ అందులోనివే.

సముద్రం పర్వతమైన విధం

సముద్రపు ప్రాణి హిమాలయంలో ఎట్లు దొరుకుతున్నది? ఈ ఒక్క ప్రశ్నకు సమాధానం తెలిస్తే భూమి స్వభావమంతా తెలిసినట్లే.

ఒకప్పుడు భారతం, ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా కలిసి ఒకే మహాఖండంగా ఉండేవి. దానికి శాస్త్రజ్ఞులు గోండ్వానా అని పేరు పెట్టినారు. మధ్యభారతంలోని గోండుల నేల పేరు అది. మన ఆదిలాబాదు అడవుల గోండులు ఆ జనులే. గ్లోసోప్టెరిస్ అనే ఒకే జాతి చెట్ల ఆకుల ముద్రలు ఈ ఖండాలన్నింటిలో దొరకడం ఆ ఐక్యతకు సాక్ష్యం. ఆ చెట్ల అడవులే నేలలో కప్పబడి బొగ్గుగా మారినవి. సింగరేణి బొగ్గు ఆ గోండ్వానా కాలానిదే. ప్రాణహిత, గోదావరి లోయలోని జురాసిక్ కాలపు పొరలలో దొరికిన కోటాసారస్ అనే శాకాహార రాక్షసబల్లి అస్థిపంజరాన్ని హైదరాబాదు బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలలో నిలిపి ఉంచినారు.

ఈ మహాఖండం చీలినది. భారతఖండం ఆఫ్రికా నుండి, అంటార్కిటికా నుండి, చివరకు సుమారు 9 కోట్ల సంవత్సరాల క్రిందట మడగాస్కర్ నుండి విడివడి, ఒంటరి ద్వీపంగా ఉత్తరానికి ప్రయాణించినది. ఒక దశలో దాని వేగం ఏటా 15 సెంటీమీటర్లకు మించినది. ఖండానికి అది పరుగే. భారతానికి, ఆసియాకు నడుమ టెథిస్ అని పిలువబడే సముద్రం ఉండేది. మన శాలగ్రామ ప్రాణి ఈదినది ఆ సముద్రంలోనే. సుమారు 5 కోట్ల సంవత్సరాల క్రిందట రెండు భూఫలకాలు తాకినవి. టెథిస్ మూసుకొనిపోయినది. దాని అడుగున కోట్ల సంవత్సరాలు పేరుకొన్న బురదపొరలు రాతిగా గట్టిపడి, ముడుతలు పడి, ఆకాశానికి లేచినవి. ఎవరెస్టు శిఖరాగ్రంలో ఉన్నది సముద్రపు సున్నపురాయి. ధవళగిరి, అన్నపూర్ణ అనే రెండు మహాశిఖరాల నడుమ లోయను కోసుకొని పారే కాళీగండకి, ఆ పాత సముద్రపు అడుగును త్రవ్వి మనకు అందిస్తున్నది.

ఆ ఒత్తిడి నేటికీ ఆగలేదు. భారతం ఏటా కొన్ని సెంటీమీటర్లు ఉత్తరానికి జరుగుతున్నది. 2015 ఏప్రిల్ 25న నేపాలంలో సుమారు 9,000 మందిని బలిగొన్న భూకంపం ఆ కదలికలోని ఒక్క కుదుపు. కావ్యాలలో స్థైర్యానికి ఉపమానంగా మనం చెప్పుకొనే హిమవంతుడు నిన్నటి సముద్రం. నిత్యానిత్య వస్తువివేకం వేదాంతానికి తొలి మెట్టు. అనిత్యమంటే దేహమని, ధనమని ఉదాహరణ చెబుతాము. పర్వతం కూడ అనిత్యమని ఈ చరిత్ర చూపుతున్నది.

రెండు సులభ వాదాలు

ఇట్టి విషయాలు వినగానే మనలో కొందరు రెండు మాటలు అంటారు. ఆ ఏకాదశి నాడు నేను పలికినదీ అట్టి మాటే కనుక, ఈ విచారం నాకూ వర్తిస్తుంది.

మొదటి వాదం: కల్పం 432 కోట్ల సంవత్సరాలు, విజ్ఞానం చెప్పే భూమి వయస్సు 454 కోట్లు; కనుక మన గ్రంథాలు భూమి వయస్సును ముందే చెప్పినవి. ఈ పోలిక మన శాస్త్రం ముందే నిలువదు. 432 కోట్లు బ్రహ్మదేవుని పూర్తి పగటి పరిమాణం. సంకల్పం ప్రకారం మనం అందులో 7వ మన్వంతరంలో, 28వ మహాయుగంలో ఉన్నాము. 6 మన్వంతరాలు, వాటి సంధులు, గడచిన 27 మహాయుగాలు, కృత త్రేతా ద్వాపరాలు కలిపి లెక్కిస్తే కల్పారంభం నుండి గడచినది సుమారు 197 కోట్ల సంవత్సరాలు మాత్రమే. నోటితో ప్రతిదినం ఒక లెక్క పఠిస్తూ, వేదికపై మరొక లెక్క చెప్పడం అర్చకునికి తగదు.

రెండవ వాదం: మత్స్యం, కూర్మం, వరాహం, నరసింహం, వామనుడు అనే వరుస జీవపరిణామ క్రమమే. ఈ మాట పుట్టినది 19వ శతాబ్దంలో, డార్విన్ గ్రంథం వెలువడిన తరువాత. మన పూర్వ భాష్యకర్తలెవరూ దశావతారాలను అట్లు వ్యాఖ్యానించలేదు. జీవచరిత్రలో చేపకు ముందు 300 కోట్ల సంవత్సరాల సూక్ష్మజీవుల కథ ఉన్నది. నరసింహుని వంటి ప్రాణి ఏ పొరలోనూ లేదు. అన్నింటినీ మించి, అవతారమంటే దిగిరావడం. భక్తరక్షణ కొరకు పరమాత్మ తన ఇచ్ఛతో దిగివస్తాడు. పరిణామం ఒక ప్రాణి సంతతి కోట్ల సంవత్సరాలలో కొద్దికొద్దిగా మారడం. ఆ రెంటిని ముడివేస్తే విజ్ఞానానికి మేలు లేదు, ప్రహ్లాదుని కథకు అన్యాయం జరుగుతుంది. ఆ పసివాని పిలుపు విని స్తంభం నుండి వచ్చినవాడు జంతుశాస్త్రంలోని ఒక దశ కాదు.

అట్లైతే మన కాలగణనకు విలువ లేదా? ఉన్నది. 1650లో ఐర్లండుకు చెందిన అషర్ అనే మతాచార్యుడు తన గ్రంథాలను లెక్కించి సృష్టి క్రీ.పూ. 4004లో జరిగినదని ప్రకటించినాడు. తరువాతి తరాల ఐరోపా పండితులు ఆ ఆరువేల సంవత్సరాల గోడను దాటడానికి ఎంతో పెనగులాడవలసివచ్చినది. కోట్ల సంవత్సరాలు అన్న మాట మనకు భయం కలిగించదు. ఉపనయనమైన బాలుడు సైతం దానిని నోటితో పలుకుతాడు. మన పెద్దలు మనకు ఇచ్చినది భూమి వయస్సు అంకె కాదు, అంత కాలం ముందు వంగి నిలిచే మనస్సు. అది చిన్న ధనం కాదు.

ప్రమాణ వివేకం

ఇంతకూ ఆ బిడ్డ ప్రశ్న మిగిలే ఉన్నది. శాలగ్రామం శిలాజమైతే అభిషేకం ఎవరికి?

మన దర్శనాలు ఒక్కొక్క ప్రమాణానికి ఒక్కొక్క పరిధి ఏర్పరచినవి. కంటికి, అనుమానానికి అందే విషయంలో అవే ప్రమాణం. వాటికి అందని విషయాన్ని తెలుపడం కొరకే వేదం. శంకర భగవత్పాదులు గీతాభాష్యం చివరి అధ్యాయంలో ఈ విషయం నిర్మొహమాటంగా చెప్పినారు: అగ్ని చల్లనిదని నూరు శ్రుతులు చెప్పినా అవి ఆ విషయంలో ప్రమాణం కాజాలవు. అద్వైతాచార్యులే అంత మాట అన్నప్పుడు, రాతి వయస్సును గురించి భూవిజ్ఞానితో తగవు పెట్టుకొనడం శాస్త్రనిష్ఠ కాదు. శిల ఎప్పుడు, ఎట్లు పుట్టినదో శిలను కొలిచినవాడే చెప్పవలె.

కాని శిలలో ఎవరు ఉన్నారు అన్నది కొలతకు అందే ప్రశ్న కాదు. బృహదారణ్యకంలో ఉద్దాలక ఆరుణి అడుగగా, యాజ్ఞవల్క్య మహర్షి అంతర్యామిని వర్ణిస్తూ మొట్టమొదట పేర్కొన్నది పృథివినే. భూమి లోపల ఉండి, భూమికి తెలియబడక, భూమినే శరీరంగా కలిగి, దానిని లోనుండి నడిపించేవాడు ఆ అంతర్యామి. ఆ భూమి శరీరంలో అగ్నిశిల ఉన్నది, టెథిస్ సముద్రం ఉన్నది, అమ్మోనైట్ ఉన్నది, హిమాలయం ఉన్నది. విగ్రహానికి ప్రాణప్రతిష్ఠ చేస్తాము. శాలగ్రామానికి ఆ అవసరం లేదని సంప్రదాయం. స్వామి అందులో స్వయంగా నిత్యసన్నిహితుడని పెద్దల మాట. శిల పుట్టుక తెలిసినంత మాత్రాన ఆ సాన్నిధ్యం తొలగిపోదు. అమ్మ గర్భంలో శిశువు ఎట్లు పెరుగుతుందో వైద్యశాస్త్రం చదివి తెలుసుకొన్న కుమారుడు అమ్మకు నమస్కరించడం మానడు కదా.

వారసులు లేని జీవికి తీర్థం

ఈ విషయాలు తెలిసిన తరువాత నా అభిషేకంలో ఒక మార్పు వచ్చినది. మంత్రం మారలేదు, ద్రవ్యం మారలేదు. చేతిలోని శిల బరువు మారినది.

మనం పితృదేవతలకు తర్పణం విడుస్తాము. చివరన మన వంశీయులకే కాక, బంధువులైనా కాకున్నా, నీరు విడిచేవారు లేని జీవులందరికీ, ఆబ్రహ్మస్తంబ పర్యంతం తృప్తి కలుగవలెనని దోసెడు నీరు విడుస్తాము. ఆ మాటను నేను ఎన్నిమార్లు పలికినానో లెక్కలేదు. అందులో ఎవరెవరు ఉన్నారో ఇప్పుడు కొంత తెలుస్తున్నది. భూమిపై పుట్టిన జాతులలో నూటికి 99 వంతులు నశించిపోయినవని శాస్త్రజ్ఞుల అంచనా. అమ్మోనైట్ల వంశం 30 కోట్ల సంవత్సరాలకు పైగా సాగినది. మానవజాతి వయస్సుకు అది వేయింతలు. నేడు వాటి సంతానమనే ప్రాణి ఏ సముద్రంలోనూ లేదు. నీరు విడిచేవారు లేని జీవి అనే మాటకు ఇంతకంటె సరియైన ఉదాహరణ నాకు తెలియదు.

అట్టి జీవి దేహముద్రపై ప్రతి ఉదయం ఒక అర్చకుడు జలం, క్షీరం ధారగా పోస్తున్నాడు. తులసిదళం ఉంచుతున్నాడు. ఆ నీటిని భక్తులు కన్నులకు అద్దుకొని త్రాగుతున్నారు. ఏ సముద్రమో, ఏ బురదో, ఏ మృత్యువో దాటి వచ్చిన ఆ చిన్న చుట్ట, సర్వాంతర్యామికి ఆసనమైనది. ఇది వినిన తరువాత భక్తి తగ్గుతుందో, పెరుగుతుందో మీరే చెప్పండి.

ఈ కథలో మనకొక హెచ్చరిక కూడ ఉన్నది. గోండ్వానా అడవులు కోట్ల సంవత్సరాలుగా నేలలో దాచిన అంగారాన్ని మనం రెండు మూడు శతాబ్దాలలో వెలికితీసి మండించినాము. ఆకాశంలో బొగ్గుపులుసు వాయువు, పదిలక్షల పాళ్ళకు 280 పాళ్ళు ఉండినది, నేడు 420 దాటినది. గాలి మారినప్పుడల్లా, సముద్రం వేడెక్కినప్పుడల్లా ఏమి జరిగినదో పొరలలో వ్రాసి ఉన్నది. ఒకటిన్నర శ్వాస క్రిందట వచ్చిన అతిథి ఇల్లు పాడుచేయరాదు. ప్రాతఃకాలాన పాదం మోపే ముందు భూదేవికి క్షమాపణ చెప్పుకొనే ఆచారం గల మనకు ఈ మాట కొత్త కాదు.

ఆ బిడ్డ మరల మా ఆలయానికి రాలేదు. పై చదువులకు దూరప్రాంతం వెళ్ళినదని నాయనమ్మ చెప్పినది. ఇది ఆమె కంటపడితే నేను ఆనాడు చెప్పవలసిన మాట ఇది: అవునమ్మా, నీ పాఠంలో చెప్పినది నిజమే. నిజం కనుకనే దీనిని మరింత జాగ్రత్తగా చేతిలోనికి తీసుకొంటున్నాను. వరుసలో జనం ఉన్నారని నిన్ను తొందరపెట్టినాను, మన్నించు. 15 కోట్ల సంవత్సరాలు వేచి ఉన్న శిల ముందు, మరొక నిమిషం ఆగి నీకు సమాధానం చెప్పడానికి నాకు తీరిక లేకపోయినది.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు. స్వస్తి.